మా ఊరి వాగు లెక్క: మిరుగు నుంచి మాఘం దాకా

జూన్ 8, మిరుగు

ఈ వానాకాలం మా వాగును కొలుద్దామని మొదలుపెడుతున్నా. చెప్పుకోదగ్గ వాగేం కాదు. మహబూబాబాద్ జిల్లాలో మా చెలకల మధ్య నుంచి దిగి వచ్చి, ఊరి కల్వర్టు కింద నుంచి పోయి ఆకేరులో కలుస్తుంది. ఆకేరు ఖమ్మం దగ్గర మున్నేరులో, మున్నేరు కృష్ణలో కలుస్తాయి, కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో. అంటే మా కల్వర్టు దగ్గర ఉమ్మేస్తే బంగాళాఖాతం దాకా దారి ఉంది.

2024 సెప్టెంబర్ 1న ఇదే వాగు కల్వర్టు మీద నుంచి నడుము లోతు పారింది. ఆ రోజు ఆకేరు, మున్నేరు ఖమ్మాన్ని ఏం చేశాయో అందరం చూశాం. నీళ్లు తగ్గాక ఊళ్లో అందరిదీ ఒకటే మాట, ఇన్ని నీళ్లు ఎక్కడివి? వానవి, ఇంకెక్కడివి అనేశా. తర్వాత ఆలోచిస్తే అది జవాబు కాదనిపించింది. అక్టోబర్‌లో వానలు ఆగిపోతే సంక్రాంతి దాకా వాగులో సన్నగా పారేవి ఎవరి నీళ్లు? మిరుగులో బోరున కురిసినా వాగులో చుక్క కనపడదు, అదెందుకు? చిన్నప్పటి పుస్తకంలో జలచక్రం బొమ్మ గుర్తుంది కదా, మబ్బు నుంచి కొండకు ఒక బాణం, కొండ నుంచి సముద్రానికి ఇంకో బాణం. ఆ రెండో బాణం లోపల ఏం జరుగుతుందో చూడాలి, అంతే.

నేను ఉండేది హైదరాబాద్‌లో, వారాంతాల్లోనే ఊరికి వస్తా. మిగతా రోజులు రీడింగ్ తీయాల్సింది నాయినే. "వాగును కొలిచి ఏం జేస్తవురా, అమ్ముతవా?" అన్నాడు. కానీ ఒప్పుకున్నాడు.

జూన్ 15

సరంజామా ఇది. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు రెండు, వానమానాలుగా. పైభాగం కోసి గరాటాలా బోర్లించా, అడుగున గుంటలు గుంటలుగా ఉంటుంది కాబట్టి గోడలు నిటారుగా మొదలయ్యే దాకా సిమెంటు పోసి ఆ పైన స్కేలు అతికించా. ఒకటి ఇంటి దగ్గర, ఇంకోటి పై చెలకలో. చెట్ల కింద, చూరు పక్కన పెట్టకూడదు, కొలిచేది చూరు నీళ్లయిపోతాయి.

కల్వర్టు పక్కన ఆరడుగుల టేకు బద్దకు తెలుపు ఎరుపు పెయింటు వేసి సెంటీమీటర్లు రాసి పాతాం. ల్యాప్‌టాప్‌లో క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ పెట్టి, 30 మీటర్లకో చుక్క చొప్పున ఉచితంగా దొరికే నేల ఎత్తుల డేటాతో వాగు పరీవాహకం, అంటే ఎంత నేల మీద పడ్డ వాన ఈ వాగులోకి వస్తుందో, గీస్తే కల్వర్టు పైన 6 చదరపు కిలోమీటర్లు వచ్చింది. అందులో సుమారు చదరపు కిలోమీటరున్నర మా కుంట కిందికి పోతుంది, అది నిండి మత్తడి దూకేదాకా ఆ నీళ్లు వాగుకు రావు.

ఒక లెక్క ముందే చేసి గోడ మీద రాసుకున్నా. ఒక చదరపు కిలోమీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 10 లక్షల లీటర్లు. ఆరు చదరపు కిలోమీటర్లకు 60 లక్షలు. ఈ ఒక్క అంకె లేకపోతే మిగతా కథేమీ అర్థం కాదు.

జూన్ 22

గురువారం రాత్రి 40 మిల్లీమీటర్లు. పొద్దున్నే నాయినకు ఫోన్ చేశా, వాగు వచ్చిందా అని. "ఏం రాలే. ఇసుక తడిసింది, గంతే."

40 మిల్లీమీటర్లంటే మా వాగు లెక్కలో 24 కోట్ల లీటర్లు. కల్వర్టు దగ్గరికి సున్నా. ఇవాళ పై చెలకలో గడ్డపారతో తవ్వి చూశా, మూరెడు లోతు దాకా తడి, ఆ కింద పొడి. ఎండాకాలం అంతా ఎండిన నేల ముందు తన దప్పిక తీర్చుకుంటుంది, తర్వాతే ఎవరికైనా. కింద నల్లరేగడిలో పగుళ్లు నా అరచెయ్యి పట్టేంత ఉన్నాయి, నీళ్లు వాటిలోకి నేరుగా దిగిపోయాయి.

జూన్ 29

ఈ వారం చేసింది ఒకటే పని, కానీ మొత్తం ప్రాజెక్టులో పనికొచ్చిన పని ఇదేనేమో. వాగు గట్టు నుంచి 140 మీటర్ల దూరంలో మా పాత వ్యవసాయ బావి ఉంది. అందులో నీళ్లు వాగు అడుగు కంటే పైన ఉన్నాయా కిందనా అని తెలియాలి. కంటితో తేలదు. మేస్త్రి దగ్గర లెవల్ పైపు అడిగి తెచ్చా, నీళ్లు నింపిన ఆ పారదర్శక పైపు పొడవు 15 మీటర్లే, కాబట్టి పన్నెండు అంచెలుగా బావి గట్టు నుంచి వాగు అడుగు దాకా లెవల్ మోసుకొచ్చి, మళ్లీ వెనక్కి కూడా కొలిచాం. మొదటిసారి పైపులో గాలి బుడగ ఉండి 30 సెంటీమీటర్లు తేడా వచ్చింది, ఎండలో మళ్లీ మొదటికి. రెండోసారి రానుపోను తేడా 2 సెంటీమీటర్లే. చాలు.

ఇవాళ బావి నీటిమట్టం వాగు అడుగు కంటే 2.6 మీటర్లు కింద ఉంది.

అంటే ఇప్పుడు వాగులోకి నీళ్లు వచ్చినా ఇసుకలోంచి కిందికి, బావుల వైపు ఇంకిపోతాయి. వాగు బావికి పోస్తోంది. ఇది తిరగబడే రోజు ఎప్పుడో చూడాలి. నాయినకు కొత్త డ్యూటీ, వారానికి రెండుసార్లు బావిలోకి తాడు వదలడం.

జూలై 27

మూడు నాలుగు రోజులు ముసురు. కలిపితే 92 మిల్లీమీటర్లు. శనివారం పొద్దున వాగు వచ్చింది! అమ్మే ముందు చూసి ఫోన్ చేసింది, నేను అప్పటికే బస్సులో ఉన్నా.

ప్రవాహం కొలవడానికి బత్తాయిలు వాడా. థర్మాకోల్ ముక్క వేస్తే గాలి ఎటు కొడితే అటు పోతుంది, బత్తాయి ముప్పావు వంతు మునిగి తేలుతుంది, పసుప్పచ్చగా దూరానికి కనపడుతుంది, పోయినా బాధ లేదు (నాయినకు బాధే, కిలో 60 పెట్టి కొన్నవి). గట్టు మీద 20 మీటర్ల దూరంలో రెండు కర్రలు పాతి, పై కర్ర దగ్గర వదిలి కింది కర్ర దాటేదాకా సెకన్లు లెక్కపెట్టడం. మధ్యలో వేసినవి 24, 26, గట్టు పక్కగా పోయినది 31. సగటు 27. సెకనుకు 0.74 మీటర్లు.

ఇది పైపైన పారే నీటి వేగం. అడుగున రాళ్లు, గడ్డి పట్టి ఆపుతాయి కాబట్టి 0.85తో గుణించడం ఆనవాయితీ, 0.63 వచ్చింది. వెడల్పు 4.2 మీటర్లు, అరమీటరుకోసారి కర్ర దింపి చూస్తే సగటు లోతు 32 సెంటీమీటర్లు. మూడూ గుణిస్తే సెకనుకు సుమారు 850 లీటర్లు. క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, 28.3 లీటర్లు, దానితో భాగిస్తే 30 క్యూసెక్కులు. టీవీలో లక్షల క్యూసెక్కులు వినీవినీ 30 అంటే చప్పగా ఉంది కానీ, మోకాలి లోతులో నిలబడితే కాళ్ల కింద ఇసుక తోసుకుపోతోంది. మోకాలు దాటితే దిగొద్దని నాకు నేను పెట్టుకున్న రూలు, ఇంట్లో అయితే అది అమ్మ పెట్టిన రూలు.

ఆగస్టు 3

వాగు ఆగిపోయింది. ముసురు వెలిసిన ఐదో రోజుకు ధార తెగింది, మడుగుల్లో నీళ్లు మిగిలాయి. బావి మాత్రం ఎక్కింది, ఇప్పుడు వాగు అడుగుకు 1.1 మీటర్లే కింద.

ఇంకో మూడు సార్లు బత్తాయిల లెక్క కుదిరింది. బద్ద మీద అంకె ఎంత ఉంటే ప్రవాహం ఎంతో గ్రాఫు గీస్తున్నా. ఇది ఒకసారి తయారైతే ప్రతిసారీ వాగులో దిగక్కర్లేదు, నాయిన బద్ద చూసి అంకె చెబితే చాలు, లీటర్లు నేను చెబుతా. పెద్ద నదుల మీద కేంద్ర జలసంఘం వాళ్లు చేసేదీ మూలంలో ఇదే. వాళ్ల దగ్గర నీటి వేగం కొలిచే కరెంట్ మీటర్లు, పడవలు ఉన్నాయి. భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగులని మూడు హెచ్చరికలు వింటాం కదా, అక్కడా కంటికి కనపడేది మట్టమే, క్యూసెక్కులు దాన్నుంచి తీసినవి.

ఆగస్టు 24

తిరగబడింది.

నాయిన నోట్‌బుక్‌లో ఉన్నది ఉన్నట్టు: ఆగస్టు 16న బావి వాగు అడుగు కంటే 35 సెంటీమీటర్లు కింద, 19న దాదాపు సమానం, 23న 28 సెంటీమీటర్లు పైన. కుంట కూడా 18న మత్తడి దూకింది. అయితే మత్తడి నాలుగు రోజుల్లో ఆగిపోయింది. వాన పడి కూడా ఐదు రోజులైంది. అయినా ఇవాళ వాగు పారుతోంది, తేటగా, అడుగున గులకరాళ్లు కనపడేలా. ఆగస్టు మొదట్లో ఇన్నే రోజులకు ధార తెగిపోయింది.

కల్వర్టుకు కాస్త పైన ఎడమ గట్టు మొదట్లో వేలు పెడితే చల్లగా నీళ్లు ఊరుతున్నాయి. చిన్నప్పుడు ఊట అనేవాళ్లం, అది ఆ ఒక్క చోటే ఉందనుకునేవాణ్ని. వంగి చూసుకుంటూ పోతే గట్టు పొడుగునా ఉంది, సన్నగా, చెమట పట్టినట్టు. వాగు వానతో పారడం లేదిప్పుడు. మా బావి, పక్క బావులు, ఈ గట్టు లోపల ఉన్న నీరంతా ఒకే మట్టం. ఆ మట్టాన్ని వాగు కోసుకుంటూ పోయిన చోట నీళ్లు బయటపడుతున్నాయి. నాయినతో అంటే, "మరి బావి నిండితేనే కదరా వాగు నిలిచేది" అన్నాడు. ఇది ఆయనకు ఎప్పటినుంచో తెలుసు! నేను లెవల్ పైపు పట్టుకుని రెండు రోజులు ఎండలో తిరుగుతుంటే ఒక్క ముక్క చెప్పలేదు.

సెప్టెంబర్ 14, ఉత్తర కార్తె

నిన్న సాయంత్రం నేను ఊళ్లో ఉండగానే పట్టుకుంది. రెండు గంటల్లో 58 మిల్లీమీటర్లు. గొడుగు, టార్చి, సెకన్ల గడియారం, ఇంట్లో ఫిల్టర్ నీళ్లు చూసే టీడీఎస్ పెన్ను (నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో అంకెలో చూపిస్తుంది) పట్టుకుని కల్వర్టు మీద కూర్చున్నా.

ఐదున్నరకు వాన ఊపందుకుంది. ఆరుంబావు దాకా బద్ద 22 దగ్గరే ఉంది. ఆ తర్వాత చూస్తుండగానే ఎర్రనీరు, నురగ, పత్తి మోళ్లు, ఎవరిదో ఒక చెప్పు. 7.40కి 96 సెంటీమీటర్లు, అదే పైమట్టం. గంటన్నరలో ఎక్కింది, దిగడానికి మాత్రం ఇవాళ సాయంత్రం దాకా పట్టింది, ఇంకా 31 దగ్గర ఉంది. ఏ వాగైనా ఇంతే, ఎక్కేటప్పుడు నిచ్చెన, దిగేటప్పుడు వాలు.

అసలు విషయం టీడీఎస్ పెన్ను చెప్పింది. దాన్ని తెచ్చింది సరదాకే. వాన మొదలవకముందు వాగు నీరు 470. వానమానంలో నీళ్లు 20. వరద పైమట్టంలో ఉండగా తాడు కట్టిన చెంబుతో తోడి చూస్తే నేను అనుకున్నది 50, మహా అయితే 100, ఎందుకంటే అది ఇప్పుడు పడ్డ వానే కదా. పెన్ను 260 చూపించింది. కడిగి మళ్లీ చూశా, 265. బురద వల్లేమో అని చెంబును రాత్రంతా కదలకుండా పెట్టి పొద్దున పైతేట చూశా, 260.

రాళ్లు, మట్టి సందుల్లో నెలల తరబడి ఉన్న నీటికే లవణాలు ఎక్కువ ఉంటాయి. వాన నీటికి ఉండవు. రెండూ కలిస్తే ఎంత పాతది ఎంత కొత్తదో తీసివేతతో తేలుతుంది. 20కీ 470కీ మధ్య 260 అంటే సగానికి పైన, 53 శాతం పాత నీరు. ఇందులో ఒక మోసం ఉంది, వాన నీరు చేను మీద పారుతూనే కొంత ఉప్పు, ఎరువు కరిగించుకుంటుంది. అందుకని చేలో సాళ్ల మధ్య పారుతున్న నీళ్లు పట్టి చూశా, 90. ఆ అంకె పెట్టి మళ్లీ లెక్క కడితే 45 శాతం. నా పెన్ను మీద నాకు అంత నమ్మకం లేదు, కాబట్టి 'సగానికి కాస్త అటూ ఇటూ' అనుకుందాం.

వరదలో సగం నిన్నటి వాన కాదు! ఎర్రగా బురదగా ఉంది కాబట్టి మొత్తం కొత్త నీరే అనుకుంటాం. రాత్రి నిద్ర పట్టక చదివితే శాస్త్రజ్ఞులు ఐసోటోపులతో (నీటి అణువుల్లోని బరువు తేడాలతో) ఇదే పట్టుకుని ఎన్నో దశాబ్దాలు అయిందట, కాబట్టి నేను కనిపెట్టిందేం లేదు. కానీ చెంబులో చూసుకోవడం వేరు.

ఎలా జరుగుతుందంటే, ఎండాకాలం మధ్యాహ్నం మోటరు వేసినప్పుడు పైపు చివర ముందు ఏం వస్తాయి? పైపులో నిలవున్న వేడి నీళ్లు. బోరులోంచి చల్ల నీళ్లు ఆ తర్వాతే. మోటరు వేసిన ప్రభావం క్షణాల్లో చివరికి చేరింది, నీళ్లు మాత్రం చేరలేదు. వాగు గట్లలో నేల అప్పటికే నిండి ఉంది కాబట్టి పైన వాన దిగితే కింద పాతది బయటికి తోసుకొస్తుంది. జూన్‌లో ఇదే వాన పడి ఉంటే పైపు ఖాళీగా ఉన్నట్టు. 40 మిల్లీమీటర్లకు చుక్క రాకపోవడం, నిన్న 58కి కల్వర్టు నిండిపోవడం, రెండింటికీ కారణం ఒకటే, తేడా వానలో కాదు నేలలో ఉంది.

అక్టోబర్ 12

వానలు లేవు. రీడింగులు తప్ప పని లేదు. ఈ ఖాళీలో పియరీ పెరాల్ట్ గురించి చదివా, చెప్పకుండా ఉండలేను. ఈయన ఫ్రాన్స్‌లో వకీలు, తర్వాత ప్రభుత్వ ఖజానాలో ఉద్యోగం, అది పోయింది. అప్పటికి పెద్దపెద్ద పండితులు కూడా ఊటలకు, నదులకు వాన చాలదని, సముద్రం నీరే భూమి లోపలి దారుల్లో కొండల్లోకి ఎక్కి వస్తుందని నమ్మేవారు. ఈయన సెయిన్ నది మొదట్లో ఒక ముక్క తీసుకుని, అక్కడ ఏడాదికి పడే వాన ఎంత, నదిలో పారేది ఎంత అని లెక్క కట్టి, వాన ఆరు రెట్లు ఎక్కువని 1674లో అచ్చు వేయించాడు. శాస్త్రజ్ఞుడు కాదు, ఇంజినీరు కాదు. నాలాంటి వాడే, లెవల్ పైపు ఒక్కటి తక్కువ.

ఇంకొకటి. భూమి మీద నదులన్నిట్లో ఏ క్షణానైనా ఉండే నీరు సుమారు 2,120 ఘనపు కిలోమీటర్లట. ఏడాదిలో నదులు సముద్రానికి చేర్చేది 40 వేల దాకా. అంటే నదులన్నీ ఏడాదికి ఇరవైసార్లకు దగ్గరగా ఖాళీ అయ్యి నిండుతున్నట్టు, రెండుమూడు వారాలకోసారి. నది చేతిలో నీళ్లు ఎప్పుడూ తక్కువే, దాని వెనక నిలవుంచుతున్నది నేల, మంచు, చెరువులు.

నవంబర్ 2

బద్ద పోయింది. వానమానం పొంగిపోయింది. గ్రాఫు పై సగం గాలిలో ఉంది.

అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది, కోస్తాకు ఏమవుతుందో అని అందరం అటే చూస్తున్నాం, 29న అది మా మీదికి వచ్చి కూర్చుంది. వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం అంతా అతలాకుతలం, డోర్నకల్ స్టేషన్లో పట్టాలు మునిగాయి. నేను హైదరాబాద్‌లో, ఇంట్లో కరెంటు లేదు, సాయంత్రం దాకా ఫోన్ కలవలేదు, ఆ టెన్షన్ వేరే. మళ్లీ కల్వర్టు మీద నుంచి పారింది. మనుషులకు, గొడ్లకు ఏం కాలేదు. మా కింది మడిలో కోతకొచ్చిన వరి పడుకుంది.

సీసా వానమానం 150 మిల్లీమీటర్ల దాకానే పడుతుంది. నాయిన మధ్యాహ్నం ఒకసారి పారబోసి రాసుకున్నాడు, ఆ తర్వాత బయటికి వెళ్లే పరిస్థితి లేదు. పొద్దున చూస్తే అంచు దాకా ఉంది. అసలు కొలవాల్సిన ఒక్కరోజూ కొలవలేకపోయా. వచ్చేసారికి బకెట్టు.

అయినా వాగు తన గుర్తు వదిలిపెట్టి పోయింది. తుమ్మ కొమ్మలకు చిక్కుకున్న గడ్డీ చెత్తా ఎంత ఎత్తున ఉందో రెండు గట్ల మీద ఐదు చోట్ల కొలిచా, లెవల్ పైపుతోనే. ఐర్లండ్ ఇంజినీరు రాబర్ట్ మానింగ్ 1889లో చెప్పిన సూత్రం ఒకటుంది, వాగు అడ్డకోత, వాలు, అడుగు గరుకుదనం తెలిస్తే వేగం వస్తుంది. అడ్డకోత 22 చదరపు మీటర్లు, వాలు వెయ్యికి నాలుగు, గరుకుదనం 0.045 అని వేసుకుంటే సెకనుకు మీటరున్నర వేగం, 33 ఘనపు మీటర్ల ప్రవాహం. 1,150 క్యూసెక్కుల పైమాటే. ఆ గరుకుదనం అంకె తుమ్మలు, రాళ్లు చూసి నేను ఊహించింది, అది కాస్త మారితే మొత్తం నాలుగోవంతు అటో ఇటో పోతుంది. జూలైలో నన్ను తోసిన వాగుకు ఇది నలభై రెట్లు.

నవంబర్ 23

ఇక నీళ్లు తగ్గుతున్నాయి, బత్తాయిలతో పని లేదు. సన్న ధారకు కోణపు గండి కావాలి, అంటే వాగుకు అడ్డంగా ఒక పలక పెట్టి దానికి 90 డిగ్రీల కోణంలో గండి కోసి, నీళ్లన్నీ అందులోంచే పోయేలా చేయడం. అప్పుడు గండి మూల నుంచి నీటి ఎత్తు ఒక్కటి చూస్తే చాలు, సూత్రం లీటర్లు చెబుతుంది.

పోయిన ఆదివారం పెట్టింది నాలుగు గంటలు కూడా నిలవలేదు. ప్లైవుడ్ బాగానే ఉంది, దాని కింద ఇసుకలోంచి నీళ్లు దారి చేసుకుని గుంట పెట్టేశాయి, పలక ఒరిగింది. ఈసారి అడుగున జానెడు తవ్వి నల్లమట్టి తొక్కించి, పైవైపు పాలిథిన్ షీటు పరిచి, ఎరువు సంచుల్లో ఇసుక నింపి మీద పేర్చాం. గండి అంచుకు రేకు ముక్క బిగించా, అంచు పదునుగా ఉంటేనే నీరు పలకకు అంటుకోకుండా దూకుతుంది. నేను మొదట చేసిన తప్పు ఇంకోటి, ఎత్తును గండి దగ్గరే చూడటం. అక్కడ నీరు దూకబోతూ వంగిపోతుంది, తక్కువ చూపిస్తుంది. ఒక మీటరు పైన, నీరు నిలకడగా ఉన్న చోట చూడాలి.

ఇవాళ 20 సెంటీమీటర్లు, సెకనుకు 24.7 లీటర్లు.

పోయిన బద్ద స్థానంలో కల్వర్టుకు సెన్సర్ పెట్టా. కార్ల వెనక పార్కింగ్‌కు వాడే రకం అల్ట్రాసోనిక్, ఈఎస్పీ32 అనే బుల్లి కంప్యూటర్ బోర్డు, చిన్న సోలార్ పలక. పావుగంటకోసారి మట్టం రాసుకుంటుంది.

డిసెంబర్ 14

సెన్సర్ చెబుతున్నది వింతగా ఉంది. రోజూ మధ్యాహ్నం రెండింటికి వాగు 4 సెంటీమీటర్లు ఎక్కుతోంది, తెల్లవారుజాముకు దిగుతోంది. వాన లేదు. పైన ఎవరైనా పొద్దున్నే మోటర్లు వేసి మళ్లీ వాగులోకి వదులుతున్నారా అని నిన్న రెండు కిలోమీటర్లు నడిచా. ఎవరూ లేరు. చివరికి మధ్యాహ్నం రెండింటికి స్కేలు పట్టుకుని వాగు పక్కన కూర్చుంటే నీళ్లు కదలనే లేదు.

తప్పు నాదే. సెన్సర్ కొలిచేది శబ్దం వెళ్లి తిరిగొచ్చే సమయం. గాలి వేడెక్కితే శబ్దం త్వరగా వెళ్తుంది, నా కోడ్ ఏమో ఒకే వేగం అనుకుంటోంది. రాత్రి 14 డిగ్రీలు, మధ్యాహ్నం 29. ఆ పదిహేను డిగ్రీలకు శబ్దవేగం సుమారు 2.6 శాతం మారుతుంది, సెన్సర్ నీటికి మీటరున్నర పైన ఉంది, గుణిస్తే సరిగ్గా 4 సెంటీమీటర్లు. మూడు వారాలుగా నేను కొలుస్తున్నది వాగును కాదు, ఎండను. ఉష్ణోగ్రత సెన్సర్ ఒకటి జోడించి, కోడ్‌లో రెండు లైన్లు మార్చా.

డిసెంబర్ 22

దిద్దుబాటు తర్వాత ఆ 4 సెంటీమీటర్ల ఎత్తు మాయమైంది. కానీ దాని కింద ఇంకేదో చిన్న అల ఉంది, అదీ వ్యతిరేక దిశలో. సాయంత్రానికి తగ్గి, పొద్దుటికి మళ్లీ ఎక్కుతోంది. ఈసారి సెన్సర్‌ను నమ్మలేదు, నిన్న రోజంతా గండి దగ్గర స్కేలుతో కూర్చున్నా. ఉదయం ఆరింటికి 13.0, సాయంత్రం నాలుగింటికి 12.6. నాలుగు మిల్లీమీటర్లే, కానీ లీటర్లలో సెకనుకు 8.4 నుంచి 7.8. వాగులో ఏడు శాతం పగటిపూట ఎవరో తాగుతున్నారు.

గట్ల మీద తుమ్మలు, కానుగలు, ఒక పెద్ద మద్ది ఉన్నాయి. పగలు ఆకులు నీళ్లు ఆవిరి చేస్తాయి, వేళ్లు గట్టులో ఊట నుంచి లాగుతాయి, రాత్రి ఊరుకుంటాయి. చిన్న వాగుల్లో ఇలా రోజువారీ అల కనపడుతుందని చదివా. అయితే పగలే కదా మోటర్లూ నడిచేది? ఇవాళ అదృష్టం, లైను మరమ్మతని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కరెంటు తీశారు, ఒక్క మోటరూ తిరగలేదు. నాయిన రీడింగ్: పొద్దున 12.8, సాయంత్రం 12.5. కాబట్టి ఎక్కువ భాగం చెట్లదే అని నా అనుమానం, ఒక్కరోజు చూసి ఒట్టేసి మాత్రం చెప్పలేను. జలచక్రం బొమ్మలో ఆవిరి బాణం ఎక్కువగా సముద్రం మీదే గీస్తారు. ఇక్కడ సముద్రానికి బయల్దేరిన నీళ్లను తుమ్మచెట్టు దారిలోనే పట్టుకుని మబ్బుకు పంపేస్తోంది.

జనవరి 16, కనుమ

గండి ఎత్తులు వరసగా: నవంబర్ 23న 20, డిసెంబర్ 11న 15, డిసెంబర్ 29న 11.4. లీటర్లలో 24.7, 12, 6. పద్దెనిమిది రోజులకోసారి సగం అవుతోంది, గడియారం పెట్టుకున్నట్టు. గట్టులో నీరు ఎంత మిగిలితే తోపు అంత, తోపు తగ్గితే ధారా తగ్గుతుంది. ఆ లెక్కన ఇవాళ 3 లీటర్లు, ఎత్తు 8.6 ఉండాలి. పండక్కి వచ్చిన బావలతో పందెం కూడా కాశా.

7.4 వచ్చింది. రెండు లీటర్లే. పందెం పోయింది.

ఎక్కడ పోయిందో కనపడుతూనే ఉంది, యాసంగి నాట్లు పడ్డాయి. గట్టుకు రెండు వైపులా పదిహేడు మోటర్లు లెక్కపెట్టా, అందులో రెండు మావే. సెకనుకు ఒక లీటరంటే రోజుకు 86,400 లీటర్లు, ఒక మోస్తరు బోరు కొన్ని గంటల్లో తోడేసే నీళ్లు. వాగులో ఎవరూ చెయ్యి పెట్టలేదు, బావుల్లోంచే తోడుకున్నారు. కానీ ఆగస్టులో చూశాం కదా, బావీ వాగూ ఒకటే నీళ్లు. ఇది ఎవరి తప్పని రాయడం లేదు, మా మిర్చి కూడా ఆ నీళ్లతోనే ఉంది.

మొత్తం జమాఖర్చు కూడా వేశా. సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన, మొంథా రోజు పొంగిపోయింది కాకుండా. అంటే 60 లక్షల ఘనపు మీటర్లు. కల్వర్టు దాటింది 13 లక్షలు, ఇరవై రెండు శాతం. పెద్ద వరదల అంకెలు ఊహ కాబట్టి అది 18 కావొచ్చు, 27 కావొచ్చు. పెరాల్ట్ ఆరో వంతుకు చాలా దూరమేం కాదు. మిగతాది చేలు, చెట్లు, కుంట, ఎండ, కొంత ఇంకా లోతుకు.

ఫిబ్రవరి 8

ధార తెగింది. నాయిన లెక్కలో జనవరి 31 పొద్దున చివరిసారి గండి దాటింది. పలక పీకి కొట్టంలో పెట్టాం.

వాగులో నడుస్తుంటే అమ్మ అంది, చెలిమె తీసి చూడమని. వాళ్ల చిన్నప్పుడు ఎండాకాలం తాగే నీళ్లు ఇవేనట, తెల్లారకముందే వచ్చి తోడుకోవాలి, ఎవరి చెలిమె వాళ్లదే. మడుగు ఎండిన చోట చేతులతోనే ఇసుక తీశా. 40 సెంటీమీటర్లకు తడి, 55కి నీళ్లు. ముందు మబ్బుగా, తోడి పారబోస్తే రెండు నిమిషాల్లో తేటగా ఊరాయి. టీడీఎస్ 495, అంటే గట్టు ఊట నీళ్లే, వాగు పైన ఆగిపోయింది కానీ ఇసుక కింద ఇంకా నడుస్తోంది.

ఎంత నడుస్తోందో కొలవాలని ఉంది. ముప్పై అడుగుల దూరంలో రెండు చెలిమెలు తీసి, పై దాంట్లో గుప్పెడు ఉప్పు కలిపి, కింది దాంట్లో పెన్ను ఎప్పుడు ఎక్కుతుందో చూస్తే వేగం తెలుస్తుంది. ఇసుకలో నడక రోజుకు మీటర్లలోనే ఉంటుంది కాబట్టి బత్తాయిల్లా సెకన్ల పని కాదు, నాయినకు మళ్లీ డ్యూటీ. ఉప్పు ప్యాకెట్టు కొట్టంలో పెట్టి వచ్చా. రాత్రి నాయిన ఫోన్ చేసి, గేదె చెలిమెను తొక్కేసిందని, చుట్టూ ముళ్లకంప వేసి మళ్లీ తీశానని, ఈసారి 57కి నీళ్లు పడ్డాయని చెప్పాడు.